ఓటమి లెక్క కూడా దాచని జనరల్: స్లిమ్ బర్మా యుద్ధ గ్రంథంపై సమీక్ష

ఫీల్డ్ మార్షల్ విలియం స్లిమ్ రాసిన ‘డిఫీట్ ఇంటూ విక్టరీ’ కొనొచ్చా అంటే, నిస్సంకోచంగా కొనొచ్చు. కాకపోతే ఏ ప్రతి కొంటున్నామో చూసుకోవాలి. పక్కన బర్మా పటం ఒకటి పెట్టుకోవాలి. తుపాకుల మోత కోసం కాకుండా సరుకుల లెక్క కోసం చదవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి 1945 దాకా బర్మా రంగంలో నడిచిన కథంతా ఇందులో ఉంది. జపాన్ సేన చేతిలో చావుదెబ్బ తిని ఇంఫాల్ దాకా వెనక్కి నడిచిన దళానికీ, మూడేళ్లకి మళ్లీ బర్మా మీద పడి రంగూన్ వాకిట్లో నిలబడ్డ సైన్యానికీ నాయకుడు ఒక్కడే. రెండూ ఆయనే రాశాడు. ఓటమి భాగంలో తన తప్పుల్ని ఎంత విడమరచి రాశాడో, గెలుపు భాగంలో వైద్యుడూ ఇంజనీరూ సరుకుల అధికారీ చేసిన పనిని అంత విడమరచి రాశాడు. ఈ పుస్తకం మిగతా సేనానుల పుస్తకాల కంటే పైన నిలబడేది అందుకే.

పుస్తకం నేరుగా 1942 మార్చిలో మొదలవుతుంది. రచయిత పుట్టుపూర్వోత్తరాలు ఇందులో లేవు. అవి కొంత తెలిసుంటే చదువు తేలికవుతుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. స్లిమ్ 1891 ఆగస్టు 6న ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ దగ్గర పుట్టాడు, బర్మింగ్‌హామ్‌లో పెరిగాడు. పెద్ద ఇంటి బిడ్డ కాదు. ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు చదువు చెప్పాడు, తర్వాత లోహపు గొట్టాలు తయారుచేసే కంపెనీలో గుమస్తాగిరీ చేశాడు. 1914లో యుద్ధం రాగానే తాత్కాలిక అధికారిగా సైన్యంలో చేరాడు. 1915లో గాలిపోలీలో, 1917లో మెసొపొటేమియాలో గాయపడ్డాడు. ఆ తర్వాత భారత సైన్యానికి మారి గూర్ఖా రైఫిల్స్‌లో పనిచేశాడు. క్వెట్టా స్టాఫ్ కాలేజీలో చదివాడు, కేంబర్లీలో పాఠాలు చెప్పాడు. జీతం చాలక మారుపేరుతో పత్రికలకు కథలు కూడా రాశాడు. ఈ పుస్తకంలో వాక్యాలు ఇంత సాఫీగా నడవడానికి ఆ కథల సాధన కారణమని చదువుతున్న కొద్దీ తెలుస్తుంది.

1940లో సూడాన్ సరిహద్దులోని గల్లాబాట్ దగ్గర ఒక భారత బ్రిగేడ్‌ను నడిపించాడు. కోట పట్టుకున్నా, తర్వాతి అడుగు వెయ్యడానికి వెనకాడి అవకాశం పోగొట్టుకున్నాడు. రెండు దారులు కనబడినప్పుడు ధైర్యమైన దాన్నే ఎంచుకోవాలన్న పాఠం అక్కడ నేర్చుకున్నానని తర్వాత రాసుకున్నాడు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదివితే 1944 డిసెంబరులో ఆయన బర్మాలోని ఐరావతి నది మీద వేసిన ఎత్తు ఎక్కడినుంచి వచ్చిందో బోధపడుతుంది. 1941లో ఇరాక్, సిరియా, ఇరాన్‌లలో పదో భారత డివిజన్‌కు నాయకత్వం వహించాడు. అక్కడినుంచి బర్మాకు పిలుపు వచ్చింది.

మొత్తం ఆరు భాగాలు. మొదటి భాగం పేరే ఓటమి. స్లిమ్ వచ్చేసరికి సిట్టాంగ్ నది మీది వంతెన కూలిపోయింది. 1942 ఫిబ్రవరి 23న మన దళాల్లో చాలామంది ఇంకా అవతలి ఒడ్డునే ఉండగా దాన్ని పేల్చేశారు. మార్చి 8న రంగూన్ పోయింది. సముద్రం దారి మూసుకుపోయాక సరుకులు రావు, బలగం రాదు. ఆ స్థితిలో రెండు డివిజన్లున్న (ఈ దళాల కొలతలు ముందు ముందు చెబుతాను) బర్మా కోర్‌ను చేతికిచ్చారు. ఏప్రిల్ నడుమ యెనంగ్యాంగ్ నూనె బావులను తామే తగలబెట్టుకోవాల్సి వచ్చింది. ఏప్రిల్ 30న ఐరావతి మీది ఆవా వంతెనను కూడా పేల్చి, కలేవా, తమూ మీదుగా ఇంఫాల్ చేరారు. దాదాపు 900 మైళ్ల వెనకడుగు. చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, జాడ తెలియనివాళ్లు అందరూ కలిపి నష్టం సుమారు 13,000 మంది.

ఈ భాగాన్ని దాటేసి గెలుపు దగ్గర మొదలుపెట్టేవాళ్లున్నారు. అది పొరపాటు. తర్వాత చేసిన ప్రతి మార్పుకూ కారణం ఇక్కడే ఉంది. జపాన్ దళం ఎప్పుడూ ఒకే ఎత్తు వేసింది. ఎదురుగా కొద్దిమందిని నిలిపి, పెద్ద బలగాన్ని అడవిలోంచి చుట్టూ తిప్పి, వెనకాల రోడ్డు మీద అడ్డం పెట్టింది. మన దళాలకు లారీలే ప్రాణం, లారీలకు రోడ్డే ప్రాణం. రోడ్డు మూసుకుపోయిందనగానే అందరూ వెనక్కి తిరిగేవారు. స్లిమ్ ఈ భాగం చివర తన నాయకత్వానికి మంచి మార్కులు వేసుకోలేనని తేల్చి చెబుతాడు. ఎదురుదాడికి బలగాన్ని ఒకచోట పోగుచెయ్యాల్సింది, చెయ్యలేకపోయాను అంటాడు. అనుకున్నట్టు సాగినంతసేపే జపాన్ దళాలకు జోరు, ఊహించని దెబ్బ తగిలితే అవి తడబడతాయని తాను ఆలస్యంగా గ్రహించానంటాడు. అధికారంలో ఉన్న మనిషి తన పేరు పెట్టి రాసిన పుస్తకంలో ఇంత సూటిగా ఒప్పుకోవడం అరుదు.

ఇంఫాల్ చేరిన ఆ సైనికులకు వానలో తలదాచుకునే గుడారం కూడా సరిగ్గా దొరకలేదు. ఆ కోపం పద్నాలుగేళ్ల తర్వాత రాసిన పేజీల్లో కూడా చల్లారలేదు.

ఇక రెండో భాగం చివర వచ్చే పునాదుల అధ్యాయం. పుస్తకంలో ఒకే ఒక్క అధ్యాయం చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. 1943 అక్టోబరులో 14వ సైన్యం ఏర్పడింది, దాని పగ్గాలు స్లిమ్ చేతికొచ్చాయి. ఆయన ముందున్నవి మూడు చిక్కులు: సరుకులు, ఆరోగ్యం, మనోబలం. ఒక్కొక్కదాన్నీ విడదీసి, ఎక్కడ తెగిందో చూపించి, ఎలా అతికించారో చెబుతాడు.

సరుకుల సంగతి చూడండి. కలకత్తా నుంచి దిమాపూర్‌కు పోయే రైలు మార్గం మొదట్లో తేయాకు తోటల కోసం వేసింది. కలకత్తా నుంచి పార్వతీపురం దాకా పెద్ద లైను. ఇది మన మన్యం జిల్లా పార్వతీపురం కాదు, ఇప్పటి బంగ్లాదేశ్‌లోది. అక్కడ సరుకంతా కూలీలు దించి చిన్న లైను పెట్టెల్లోకి ఎక్కించాలి. ఆ రైలు బ్రహ్మపుత్ర దాకా వెళ్తే, పెట్టెల్ని పడవల మీద అవతలికి దాటించాలి. మళ్లీ అక్కడినుంచి దిమాపూర్. యుద్ధానికి ముందు ఈ దారి మోయగలిగింది రోజుకు 600 టన్నులు. 14వ సైన్యం ఏర్పడేనాటికి అది 2,800 టన్నులకు పెరిగింది, తర్వాత అమెరికన్ రైల్వే దళాలు వచ్చి ఇంకా పెంచాయి. సైన్యం ఎంత దూరం పోగలదనేది ఈ అంకెలే నిర్ణయించాయి. పటం మీద గీసిన బాణాలు ఆ తర్వాతి మాట.

బర్మా పడమటి తీరంలోని అరకాన్ వైపు రోడ్డుకు రాయి దొరకదు. నేల అంతా ఒండ్రు, పైన కుంభవృష్టి. అందుకని దారి పొడవునా ఇటుక బట్టీలు పెట్టించి, వాటికి బొగ్గు తెప్పించి, ఇటుకలు పరిచి రోడ్డు వేశారు. లారీలు నడిచిన కొద్దీ ఇటుకలు నేలలోకి దిగిపోయేవి, మళ్లీ పరిచేవారు. తర్వాత తమూ, కలేవా మధ్య ఇంకో పద్ధతి వాడారు. నేల చదును చేసి, తారులో ముంచిన గోనెపట్టాను ఒక అంచు మీద ఇంకో అంచు వచ్చేలా పరిచారు. నీరు కిందికి దిగనంతకాలం రోడ్డు నిలబడుతుంది. పట్టా ఒక్కచోట చిరిగితే అక్కడే గుంట పడుతుంది కాబట్టి రోజూ చూసుకునే మనుషులుండాలి. విమానాల దిగుడు పట్టీలకూ ఇదే పరిచారు.

పారాషూట్ల ఉదంతం ఈ అధ్యాయానికే తలమానికం. అడవిలో ఉన్న దళాలకు ఆకాశం నుంచి సరుకు దించాలి, పట్టు పారాషూట్లు కావలసినన్ని రావు. స్లిమ్, ఆయన సరుకుల అధికారి మేజర్ జనరల్ స్నెల్లింగ్ కలకత్తా జనపనార మిల్లుల వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడారు. డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పలేను, సరుకు మాత్రం వెంటనే కావాలన్నాడట స్లిమ్. పది రోజుల్లో ప్రయోగాలు మొదలయ్యాయి, నెలలోపు జనపనార పారాషూట్ తయారైంది. పట్టుదానితో పోలిస్తే 85 శాతం పనితనం. ధర ఒక పౌండుకు కాస్త పైన, అసలుదానికి 20 పౌండ్ల పైన. మనుషులు దిగడానికి పనికిరాదు, బియ్యం మూటకూ మందుగుండు పెట్టెకూ బాగా సరిపోతుంది. ఏ పనికి ఎంత నాణ్యత చాలో తెలిసినవాడే ఇలాంటి నిర్ణయం చెయ్యగలడు.

తిండి విషయంలో ఇంకో చిక్కు. ఎండబెట్టిన మాంసం కొందరు భారత సైనికులు ముట్టరు, తాజా మాంసం మోయడానికి చల్లని పెట్టెలు లేవు. మేకల్ని సజీవంగా తోలుకుపోయారు, బాతుల పెంపకం కూడా పెట్టారు. ముందు వరుసలో ఎవరికైనా సగం తిండి ఇవ్వాల్సి వస్తే, స్లిమ్ తన ప్రధాన కార్యాలయంలో అందరికీ సగమే పెట్టించేవాడు. కడుపు కాలితే కాగితం త్వరగా కదులుతుందని ఆయనకు తెలుసు. ఉద్యోగంలో పదిమందిని నడిపించే ఎవరికైనా ఈ ఒక్క సంగతి చాలు, పుస్తకం డబ్బులు వచ్చేసినట్టే.

ఆరోగ్యం లెక్క ఇంకా భయంకరం. 1943లో గాయాలతో ఒకడు వెనక్కి వెళ్తే రోగంతో 120 మంది వెళ్తున్నారు. మలేరియా ఒక్కటే ఏడాదికి సైన్యం మొత్తంలో 84 శాతం మందికి వస్తోంది. జ్వరం వచ్చినవాణ్ని వందల మైళ్లు దాటించి భారతదేశంలోని ఆసుపత్రికి పంపితే, తిరిగొచ్చేసరికి సగటున ఐదు నెలలు. పోరాడే మనుషులు ఇలా కరిగిపోతుంటే ఎంత గొప్ప ఎత్తు వేసినా ఏం లాభం? అందుకని చికిత్సా కేంద్రాలను యుద్ధ రేఖకు కొద్ది మైళ్ల వెనకే పెట్టారు. జ్వరం తగిలిన 24 గంటల్లో అక్కడికి చేర్చి, మూడు వారాల్లో తిరిగి దళానికి పంపారు. తీవ్రంగా గాయపడినవాళ్లను చిన్న విమానాల్లో ఎత్తుకొచ్చారు.

వీటన్నిటికంటే పనిచేసింది క్రమశిక్షణ. మలేరియా రాకుండా రోజూ మెపాక్రిన్ మాత్ర మింగాలి. ఒళ్లు పచ్చబడుతుంది, మగతనం పోతుందన్న పుకారు వేరే. సైనికులు మింగినట్టు నటించి ఉమ్మేసేవారు. స్లిమ్ చెప్పకుండా వెళ్లి ఒక దళం మొత్తానికి రక్తపరీక్ష చేయించేవాడు. 95 శాతం కంటే తక్కువ మందిలో మందు కనబడితే ఆ దళ నాయకుణ్ని పదవి నుంచి తీసేసేవాడు. ముగ్గుర్ని తీసేశాక మిగతావాళ్లకు విషయం అర్థమైంది. 1945 నాటికి జబ్బుపడేవారు రోజుకు వెయ్యికి ఒకరికి దిగారు. సైనికుణ్ని శిక్షించకుండా అధికారిని బాధ్యుణ్ని చెయ్యడం ఇందులో కీలకం. మాత్ర పంచడం వైద్యుడి పని, మింగించడం మాత్రం దళ నాయకుడి పని అని తేల్చేశాడు.

శిక్షణ గురించి రాసిన సూత్రాలు కూడా ఇక్కడే ఉన్నాయి. అడవి శత్రువు కాదు, అందులో బతకడం నేర్చుకోవాలి. వెనకాల జపాన్ దళం కనబడితే చుట్టుముట్టబడింది మనం కాదు, వాళ్లే అనుకోవాలి. ఎదురు నుంచి ఇరుకు దారిలో దాడి చెయ్యొద్దు. టాంకులు వాడితే చాలినన్ని వాడాలి, పక్కన కాల్బలం ఉండి తీరాలి. వంటవాడైనా గుమస్తా అయినా అడవిలో తుపాకి పట్టాల్సిందే. 1944 ఫిబ్రవరిలో అరకాన్‌లోని సిన్జ్‌వేయా దగ్గర వీటికి పరీక్ష పెట్టినట్టయింది. ఏడో భారత డివిజన్‌ను జపాన్ వాళ్లు చుట్టుముడితే, అది వెనక్కి తిరగలేదు. సరుకుల డిపోనే కోటగా మార్చుకుని, ఆకాశం నుంచి తిండి, గుండ్లు అందుకుంటూ నిలబడింది. రెండేళ్ల కిందట ఏ ఎత్తుకు చెదిరిపోయారో అదే ఎత్తు ఈసారి జపాన్ దళానికే ఎదురుతిరిగింది.

యుద్ధాల అధ్యాయాల్లో కొత్త పాఠకుడు తికమకపడేది దళాల పేర్ల దగ్గర. ముందే ఒక కాగితం మీద ఈ వరుస రాసుకోండి: మూడు బెటాలియన్లు ఒక బ్రిగేడ్, మూడు బ్రిగేడ్లు ఒక డివిజన్, రెండు మూడు డివిజన్లు ఒక కోర్, కోర్‌లు కలిస్తే సైన్యం. జపాన్ వాళ్ల లెక్క వేరు. వాళ్ల రెజిమెంట్ మన బ్రిగేడ్‌తో సమానం, వాళ్లు సైన్యం అని పిలిచేది మన కోర్ అంత. ఇది తెలియకపోతే జపాన్ జనరల్ ముటగుచి నడిపిన 15వ సైన్యం అంటే స్లిమ్ సైన్యమంత ఉంటుందనుకుంటారు. నిజానికి అందులో ఉన్నవి మూడు డివిజన్లు.

ఇంఫాల్, కొహిమా పోరు అర్థం కావాలంటే కూడా ఈ కొలత కావాలి. 1944 మార్చిలో జపాన్ దాడి వస్తుందని స్లిమ్‌కు తెలుసు. దళాలను ఇంఫాల్ మైదానం అంచుకు లాక్కుని, శత్రువును పొడవైన దారి నడిపించి అక్కడ దెబ్బ తియ్యాలన్నది ఎత్తు. ఎత్తు మంచిదే, రెండుచోట్ల తప్పు జరిగింది. ఇంఫాల్‌కు దక్షిణాన టిడ్డిమ్ రోడ్డు మీదున్న 17వ డివిజన్ ఎప్పుడు వెనక్కి రావాలన్నది కింది నాయకులకు వదిలేశాడు. ఆ మాట తానే చెప్పాల్సిందని ఒప్పుకున్నాడు. ఆ డివిజన్ ఆలస్యంగా కదిలి, దారి మూసుకుపోయి, పోరాడుకుంటూ రావాల్సి వచ్చింది. రెండోది ఇంఫాల్‌కు ఉత్తరాన ఉన్న కొహిమా. ఆ అడవి దారుల్లో ఒక రెజిమెంట్‌కు మించి రాలేదని లెక్కేశాడు. సాటో నాయకత్వంలో జపాన్ 31వ డివిజన్ మొత్తం వచ్చింది. అక్కడ కాపలా ఉన్నది కొద్దిమందే. ఏప్రిల్ మొదటివారం నుంచి రెండు వారాల పాటు కొహిమా కొండను వాళ్లు ఎలా నిలబెట్టారో చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

ఈ తప్పుల్ని దిద్దింది విమానాలు. అరకాన్‌లో ఉన్న ఐదో భారత డివిజన్‌ను తుపాకులు, ఫిరంగులు, కంచరగాడిదలతో సహా విమానాల్లో ఎక్కించి ఇంఫాల్‌కు తెచ్చారు. జూన్ 22న 109వ మైలురాయి దగ్గర కొహిమా, ఇంఫాల్ దళాలు కలిసి రోడ్డు తెరుచుకునేదాకా ఇంఫాల్ బతికింది ఆకాశం దారినే. ముటగుచి మాత్రం ఇంఫాల్ సరుకుల డిపోలు చేజిక్కుతాయన్న ధీమాతో కొద్ది వారాల తిండితో బయల్దేరాడు. అవి దొరకలేదు, వానలు దిగాయి. అతని సేనలో చాలామంది ఆకలికీ రోగానికీ నశించారు.

ఐదో భాగం, ఐరావతి పోరు, ఎత్తుగడ పరంగా పుస్తకానికి శిఖరం. ముందు వేసుకున్న పథకం ష్వేబో మైదానంలో జపాన్ సేనను దెబ్బ తియ్యాలని. కొత్తగా వచ్చిన జపాన్ సేనాని కిమురా తెలివిగా నది వెనక్కి జారుకున్నాడు. 1944 డిసెంబరు నడుమ స్లిమ్ పథకాన్ని తిరగరాశాడు. 33వ కోర్ మాండలే ఎగువన నది దాటుతూ అందరి కళ్లూ తనమీదే ఉండేలా చేస్తుంది. నాలుగో కోర్ చప్పుడు చెయ్యకుండా గంగావ్ లోయ గుండా దక్షిణానికి దిగి, పకోక్కు దగ్గర నది దాటి, మెయిక్టిలా మీద పడుతుంది. పేరు చూసి మన గంగ అనుకోకండి, గంగావ్ అక్కడి ఊరు. మెయిక్టిలా జపాన్ సేనకు సరుకుల గుండెకాయ. ఉత్తరాన నాలుగో కోర్ ఇంకా ఉందని నమ్మించడానికి తమూలో ఉత్తుత్తి కార్యాలయం పెట్టి రేడియో మాటలు నడిపించారు, అసలు కోర్ రేడియోలు మూసుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, డిసెంబరు 10 తెల్లవారుజామున, ఇంఫాల్‌లో విమానాల మోతకు స్లిమ్‌కు మెలకువ వచ్చింది. 75 డకోటా రవాణా విమానాలు చైనాకు వెళ్లిపోతున్నాయి. 14వ సైన్యానికి తేవాల్సిన సరుకు దిగుడు పట్టీల పక్కన పడేసి మరీ వెళ్లాయి. సరుకుల లెక్కంతా మళ్లీ మొదటికొచ్చింది. దానికి జవాబు చిండ్విన్ నది. కలేవా దగ్గర చీఫ్ ఇంజనీర్ హేస్టెడ్‌ను నిలబెట్టి, అదిగో నది, అవిగో చెట్లు, రెండు నెలల్లో ఈ నది మీద రోజుకు 500 టన్నులు దిగువకు పోవాలన్నాడు స్లిమ్. టేకు కొట్టి, దుంగలు ఏనుగులతో లాగించి, ఒడ్డునే పడవలు కట్టారు. మూడింటిని కలిపి కడితే షెర్మన్ టాంకు ఎక్కేది. అదే కలేవా దగ్గర 1,154 అడుగుల తేలే వంతెన వేశారు. పట్టింది 28 పనిగంటలు.

1945 ఫిబ్రవరి 14న న్యాంగూ దగ్గర దాటడం అనుకున్నట్టు జరగలేదు. అంత దూరం లారీల మీద కుదుపులకు పడవలు దెబ్బతిని నీళ్లు కారాయి. మోటార్లు మధ్యలో ఆగిపోయాయి. ప్రవాహం పడవల్ని శత్రువు ముందు నుంచే దిగువకు ఈడ్చుకుపోయింది. ఆ పూటకి పని చెడిందనుకున్నాక, పంజాబ్ రెజిమెంట్ దళం మళ్లీ ప్రయత్నించి అవతలి ఒడ్డు పట్టుకుంది. మార్చి మొదట్లో మెయిక్టిలా చేజిక్కింది, 20న మాండలే. మెయిక్టిలాను తిరిగి లాక్కోవడానికి జపాన్ దళాలు విమానాశ్రయం అంచుకు వచ్చేశాయి. రోజూ పొద్దున్నే కాల్బలం ఆ మైదానాన్ని ఊడ్చి శత్రువును తరిమితేనే ఆ రోజు విమానాలు దిగేవి. ఆ తర్వాత వానాకాలం తరుముకొస్తుండగా రంగూన్ వైపు పరుగు. వాన రెండు వారాలు ముందే వచ్చి పెగూ దగ్గర సైన్యాన్ని ఆపేసింది. మే మొదట్లో సముద్రం వైపు నుంచి దిగిన దళాలే రంగూన్‌లో అడుగుపెట్టాయి, జపాన్ వాళ్లు అప్పటికే ఊరు ఖాళీ చేశారు.

చివరి పేజీల్లో జపాన్ పక్షాన ఉండి తర్వాత దానికి ఎదురుతిరిగిన బర్మా సేన నాయకుడు ఆంగ్ సాన్‌తో భేటీ ఒకటుంది. జపాన్ తరహా యూనిఫాంలో, కత్తితో వచ్చాడు. మేం గెలుస్తున్నాం కాబట్టే వచ్చావు కదా అని స్లిమ్ అంటే, మీరు గెలవకపోతే వచ్చి ఏం లాభం అన్నాడు. ఆ నిజాయితీ స్లిమ్‌కు నచ్చింది. మనిషిని అంచనా వేసే ఆయన చూపు ఇలాంటి చోట్ల బాగా తెలుస్తుంది.

ఇక లోపాలు. జపాన్ రేఖల వెనక పోరాడేందుకు వింగేట్ తయారుచేసిన చిండిట్ దళాల మీద తీర్పు కఠినంగా ఉంది. ప్రత్యేక దళాలు మామూలు బెటాలియన్ల నుంచి మంచి మనుషుల్ని లాగేసుకుంటాయన్నది ఆయన వాదన. వాదనలో బలముంది, కానీ ఎదుటి పక్షం మాట ఇందులో సరిపడా వినబడదు. 1945 మేలో పై అధికారి లీస్ తనను 14వ సైన్యం నుంచి తప్పించబోయిన సంగతి అసలు రాయలేదు. ఆ నిర్ణయం నిలబడలేదు, చివరికి పదవి పోయింది లీస్‌కే. ఎవరినీ దెప్పకూడదన్న మర్యాద మంచిదే, చరిత్ర కోసం చదివేవాడికి మాత్రం ఆ ఖాళీ ఇబ్బందే. జపాన్ సైనికుల గురించి ఆ కాలపు యుద్ధద్వేషంతో రాసిన మాటలు చాలా ఉన్నాయి, అవి ఇప్పుడు చదవడానికి బాగుండవు.

మనవాళ్లకు పెద్ద లోటు ఆజాద్ హింద్ ఫౌజ్ గురించినది. ఆ సైనికులు ఎందుకు అటు వెళ్లారో, ఏం ఆశించారో ఈ పుస్తకం పట్టించుకోదు. బ్రిటిష్ సేనాని చూపు అంతవరకే. 1943 బెంగాల్ కరువు గురించి కూడా, ఆ నేల మీదే నిలబడి యుద్ధం నడిపిన మనిషి నుంచి రావలసినంత రాలేదు. ఈ రెండిటికీ వేరే పుస్తకాలు తప్పనిసరి.

తెలుగు పాఠకుడికి ఈ కథ పరాయిది కాదు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లలో కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లు ఎందరో. 1942లో కలరా, మశూచి మధ్య కాలినడకన అస్సాం వైపు వచ్చిన కాందిశీకుల దృశ్యాలు మొదటి భాగంలో ఉన్నాయి. అందులో మన ఊళ్ల పేర్లు కనబడవు గాని ఆ గుంపుల్లో మనవాళ్లున్నారు. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి. వంతెనలు కట్టిన దళాల్లో తెలుగువాళ్లను చేర్చుకునే మద్రాస్ శాపర్లు, అంటే సైనిక ఇంజనీర్ల దళం, ఉన్నారు. తర్వాత భారత సైన్యాధిపతి అయిన కె.వి.కృష్ణారావు కూడా కుర్ర అధికారిగా బర్మా రంగంలో పనిచేసినవారే. స్లిమ్ సైన్యంలో ఎక్కువ డివిజన్లు భారతీయమైనవి, ఆ మాట ఆయన ఎక్కడా మరుగుపరచడు.

ప్రతి ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి: మొదట 1956లో లండన్‌లో కాసెల్ సంస్థ వేసింది. తర్వాత చాలా ముద్రణలొచ్చాయి, కుదించినవి కూడా తిరుగుతున్నాయి. విషయసూచికలో ఆరు భాగాలూ, చివర ఆయన వెనక్కి తిరిగి చూసుకునే అధ్యాయమూ ఉన్నాయో లేదో చూసుకోండి. పటాలు ఉండి తీరాలి. చిన్న సైజు పేపర్‌బ్యాక్‌లో పటాల మీద ఊరి పేర్లు కళ్లు చికిలించినా కనబడవు, కాబట్టి పెద్ద పటం విడిగా ఉంటే మేలు. ఇప్పటి పటం వాడితే పేర్లు మారాయని గుర్తుంచుకోండి: రంగూన్ యాంగోన్, పెగూ బగో, అక్యాబ్ సిట్వే, అరకాన్ రఖైన్. ఇంగ్లీషు సరళంగానే ఉంటుంది, పత్రిక చదివే అలవాటుంటే చాలు.

చదివే వరుస నన్నడిగితే, మొదటి భాగం పూర్తిగా, పునాదుల అధ్యాయం రెండుసార్లు, ఉత్తర రంగం, చిండిట్ల అధ్యాయాలు పైపైన, ఇంఫాల్ పోరు పటం పక్కన పెట్టుకుని నెమ్మదిగా, ఐరావతి పోరు ఒకే బిగిన. ఐదు వందల పైచిలుకు పేజీలు, మధ్యలో వారం వదిలేస్తే దళాల పేర్లు మళ్లీ మొదటినుంచి గుర్తుచేసుకోవాలి. కథల కోసం, వీరగాథల కోసం వెతికేవాళ్లకు రెండో భాగం బరువుగా ఉంటుంది. రవాణా, వైద్యం, నిర్మాణం, పోలీసు, విపత్తు సహాయం లాంటి పనుల్లో ఉన్నవాళ్లు మాత్రం ముందు ఆ భాగమే తెరవండి.